శ్రీబాగు ఒడంబడిక

నవంబరు 16వ తేది రాయలసీమవారు విస్మరింపరాని దినము. 1937వ సంవత్సరమున ఈ దినముననే చెన్నపట్టణమందు దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గృహమగు శ్రీబాగులో కోస్తా నాయకులును, సీమ నాయకులును సమావేశమై యొక యొడంబడికకు వచ్చిరి. ప్రత్యేకాంధ్ర రాష్ట్రము కావలెనన్నచో తొలుత తెలుగువారిలోనే పరస్పర విశ్వాస మేర్పడవలసియుండెను. 1926లో నెలకొల్పబడిన ఆంధ్ర విశ్వవిద్యాలయపు స్థానమును గూర్చిన వివాదము సీమవారి మనస్సులందు సందేహమును నాటియుండెను. దానిని బాపుటకే పెద్దలు మాట యిచ్చిరి.

ఆ మాటలలో ముఖ్యమైన వివి. అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము; కనీసము పదియేండ్లవరకు తుంగభద్రా, కృష్ణా, పెన్నా జలముల వినియోగమున సీమకును, నెల్లూరునకును ప్రథమస్థానము; రాజధాని, ఉన్నత న్యాయస్థానములలో నొకటి సీమయం దుండుట, అందేది కావలెనో కోరుకొను హక్కు సీమవారిదగుట.

1953 అక్టోబరు 1వ తేదిని కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని యయ్యెను. న్యాయస్థానము గుంటూరున వెలసెను. మూడేండ్లు తిరిగి 1956 నవంబరు వచ్చుసరికి రెండును హైదరాబాదు చేరెను. ఒడంబడిక రద్దయినదని యెవరును చెప్పలేదు. అది యున్నదని తలచినవారును అరుదు. అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము 1981లో గాని యేర్పడలేదు. శ్రీశైలము జలాశయమున కర్నూలు, మహబూబునగరు జిల్లాల గ్రామములు నూరింటికి పైగా మునిగినవి. ఊళ్లు విడిచినవారి కన్నుల యెదుటనే నీరు దిగువకు సాగిపోయినది.

రాష్ట్ర విభజనానంతరము ఉన్నత న్యాయస్థానము 2019 జనవరిలో అమరావతియందు ప్రారంభమయ్యెను. కర్నూలును న్యాయరాజధానిగ నిర్ణయించుచు 2020లో శాసనము వచ్చెను; 2021లో ఉపసంహరింపబడెను. కర్నూలున ధర్మాసనము నెలకొల్పవలెనని 2024 నవంబరులో శాసనసభ తీర్మానించెను. ఆదోని నుండియో, పులివెందుల నుండియో న్యాయార్థియై పోవు పేదవానికి దారిఖర్చు తగ్గుట సామాన్యమైన మేలు కాదు. కావున తీర్మానమును మేము స్వాగతించుచున్నాము. అయినను తీర్మానము వేఱు, ధర్మాసనము వేఱు. అందులకు ఉన్నత న్యాయస్థాన సమ్మతియు, కేంద్రప్రభుత్వ ఆమోదమును వలయును. అవి లభించువఱకు విడువక శ్రమించుటలోనే పాలకుల చిత్తశుద్ధి తేలును.

మఱియొక మాట. రాజధానులును, న్యాయస్థానములును ఒక్క యుత్తరువుతో వచ్చును, ఒక్క యుత్తరువుతో పోవును; సీమ చూచినదే. కాలువలో పాఱిన నీరు మాత్రము తరతరములకు నిలుచును. శ్రీబాగు మాటలలో ప్రాణమువంటిది నీటిమాట. భవనమొకటి కట్టి, నీటిబాకి తీరినదని యెవరైన తలంచినచో సీమరైతు సమ్మతింపడు.

దోషమెల్ల పరులదే యనుటయు న్యాయము గాదు. కర్నూలు, కడప జిల్లాల ప్రతినిధులు మంత్రులైరి, ముఖ్యమంత్రులైరి. ఏ పక్షమువారైనను వారు ప్రతియేట నీ దినమున ప్రజల యెదుట లెక్క చెప్పవలెను: ఏ కాలువకు ఎంత నీరు వచ్చినది, ఎన్ని యెకరములు తడిసినవి, ఏ పని యెందుకు నిలిచినది. దండలు వేసి, ఉపన్యాసములిచ్చి పోవుటకన్న ఈ లెక్కయే శ్రీబాగు పెద్దలకు తగిన నివాళి. అడుగవలసిన భారము మాత్రము ప్రజలదే.