ఎర్రసిరా చాటున

చందమామ చదివి పెరిగినవాళ్లలో కొడవటిగంటి కుటుంబరావు కథలు చదవనివాళ్లు ఉండరు. ఆ సంగతి తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. 1909లో తెనాలిలో పుట్టిన కొ.కు., 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా మద్రాసులో ఆ పిల్లల పత్రికను నడిపించారు. సంపాదకుడిగా చాలాకాలం అచ్చయిన పేరు మాత్రం చక్రపాణిది, ఆయనదీ తెనాలే. నవలల మీదా సినిమాల మీదా సంగీతం మీదా నిర్మొహమాటంగా రాసిన కొ.కు., పిల్లల కథల మీద తన తీర్పును ఎర్రసిరాతోనే చెప్పారు. వచ్చిన కథను కొట్టేసి, తిరగరాసి, చందమామ కథగా మార్చేవారు. గుంటూరు మిర్చి యార్డులో తాలు ఏరేశాకే సరుకు కొనేవాడి కంటబడినట్టు, మనకు చేరినవన్నీ ఏరిన కాయలే. ఏది తాలో, ఎందుకు తాలో మనకెవరూ చెప్పలేదు.

న్యూయార్క్‌లో కథ వేరు. అక్కడి పబ్లిక్ లైబ్రరీలో పిల్లల విభాగాన్ని 1906 నుంచి 1941 దాకా నడిపిన యాన్ కరోల్ మూర్ పిల్లల కోసం నవలలు రాశారు, 1924 నుంచి హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రికలో పిల్లల పుస్తకాల సమీక్షలూ రాశారు. పదవి దిగాక కూడా ఆవిడ మాటంటే ప్రచురణకర్తలకు హడల్. ఇ.బి. వైట్ రాసిన 'స్టువర్ట్ లిటిల్'ను ముందే చదివి, వేయొద్దంటూ రచయిత భార్యకు పొడవాటి ఉత్తరం రాశారు. ఆ భార్య క్యాథరిన్ కూడా న్యూయార్కర్‌లో పిల్లల పుస్తకాల సమీక్షకురాలే. 1945లో పుస్తకం వచ్చింది, పిల్లలు ఎగబడి చదివారు. చందమామ పుట్టిన 1947లోనే అచ్చయిన 'గుడ్‌నైట్ మూన్' అనే పిల్లల పుస్తకాన్నైతే, ఆవిడ ప్రభావం ఇంకా సాగుతున్న ఆ గ్రంథాలయం 1972 దాకా కొనలేదు!

మూర్ అభిరుచి నాకు నచ్చదు. అయినా ఆవిడ తన మాట కింద సంతకం పెట్టారు, కాబట్టి వైట్ దంపతులు కాదనగలిగారు. కొ.కు. అభిరుచి అంతకంటే ఎంతో మెరుగు. దానితో వాదించే వీలు మాత్రం పాఠకుడికి లేకపోయింది.

చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. ఆ ఎర్రసిరా లేదు, దాని స్థానంలో సమీక్షా పెద్దగా రాలేదు. తెనాలివారే అయిన గ్రంథాలయ శాస్త్రవేత్త వెలగా వెంకటప్పయ్య పిల్లల సాహిత్యం మీద పట్టుబట్టి పనిచేశారు గానీ, ఆ బాట పట్టినవాళ్లు కొద్దిమందే. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనం కడుతూనే ఉన్నాం. ఆ డబ్బుతో పిల్లల పుస్తకాలు కొన్నప్పుడల్లా, వాటిని ఎవరు ఎంచారో, ఎందుకు ఎంచారో పది వాక్యాలు రాసి, కింద పేరు పెట్టి ఒంగోలులోనో గుంటూరులోనో గ్రంథాలయం గోడకు అంటిస్తే చాలు. చిలకలూరిపేట పంతులమ్మ ఎవరో అది చదివి, తన బళ్లో పిల్లలకు ఆ పుస్తకం ఎక్కలేదని తిరిగి రాస్తారు.