న్యాయపీఠం దిగి... ఎన్నికల బరిలోకి!

రాజధాని, హైకోర్టు... రెండింట్లో ఏది కావాలో ఎంచుకునే అవకాశాన్ని 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందం రాయలసీమకిచ్చింది. సీమ నేతలు రాజధాని కోరుకున్నారు. అలా 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని అయ్యింది. హైకోర్టు గుంటూరుకు దక్కింది. 1954లో అక్కడ కొలువుదీరిన తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. కర్నూలు, కడప కక్షిదారుల అప్పీళ్లూ ఆ కోర్టుకే వెళ్లేవి.

రాజమండ్రిలో 1902లో పుట్టిన సుబ్బారావు మద్రాసులో వకీలుగా పేరు తెచ్చుకుని, 1948లో అక్కడే జడ్జి అయ్యారు. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ ఏడాదే కృష్ణాజిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసు ముందుకొచ్చింది. ప్రైవేటు బస్సుల యజమానుల అభ్యంతరాలు విన్నది రవాణాశాఖ కార్యదర్శి. ఆమోదం తెలిపింది ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ఒకరు విని మరొకరు తేలిస్తే ఆ విచారణకు విలువేముంటుంది? పైగా ఏ శాఖ మీద ఫిర్యాదో ఆ శాఖ అధికారే విచారిస్తే ఎలా? సుబ్బారావు రాసిన తీర్పు సారాంశం ఇదే. సొంత రాష్ట్ర సర్కారని మొహమాటపడలేదాయన. తర్వాత 1964లో కర్నూలు జిల్లా బస్సు రూట్ల కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలతో సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవినే వదులుకున్నారు.

1966 జూన్ 30న సుబ్బారావు దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ పీఠమెక్కిన తొలి తెలుగువాడు ఆయనే. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించలేదని తీర్పు వచ్చింది. పదకొండు మందిలో ఆరుగురిది అదే మాట. భూసంస్కరణలకు అడ్డమని ఒకరు, పౌరుడికి రక్షణని మరొకరు... దేశమంతా వాదనలే.

దాదాపు ఆరు వారాలకు, ఏప్రిల్ 11న, ఆయన రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి నిలబడ్డారు. పదవీ విరమణకు మిగిలింది మూడు నెలలే. కుర్చీ దిగాకే కదా పోటీ అన్నారు అభిమానులు. మరి దిగకముందే మంతనాలు జరగలేదా అన్నారు విమర్శకులు. జాకిర్ హుస్సేన్ లక్షకు పైగా ఓట్ల విలువ తేడాతో గెలిచారు.

1973లో కేశవానంద భారతి కేసు గోలక్‌నాథ్ తీర్పును పక్కనపెట్టింది. అయినా రాజ్యాంగ మౌలిక స్వరూపం జోలికి పార్లమెంటు వెళ్లకూడదంది. అంటే సుబ్బారావు ఆందోళన వృథా పోలేదు. 1976లో ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాది సంజీవరెడ్డి పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు!

విచారించేవారిపై అనుమానానికి తావుండకూడదన్నది బస్సుల కేసులో సుబ్బారావు చెప్పిన న్యాయం. 1967లో జనం ఆయన్నీ అదే కొలబద్దతో కొలిచారు. తీర్పు నిక్కచ్చిగా ఉంటే చాలదు... ఇచ్చినవారి మీద నమ్మకమూ చెక్కుచెదరకూడదు.