వల లాగే పాటకు బ్యాండు ఏది?

డ్రీమ్ పాప్‌లో మాట కన్నా నాదం ముందుంటుంది. గిటారు మోతను ప్రతిధ్వనిలో ముంచి, గొంతును వాద్యాల మధ్య సగం దాచి పాడతారు. స్కాట్లాండ్ రేవు పట్టణం గ్రేంజ్‌మౌత్‌లో 1979లో మొదలైన కాక్టో ట్విన్స్ ఈ తీరుకు దారి వేసింది. ఆ బృందం గాయని ఎలిజబెత్ ఫ్రేజర్ చాలా పాటల్లో అర్థం పట్టుబడని పలుకులే పాడింది. అయినా భావం శ్రోతకు అందింది. దీనికంటే పాతది సైకడెలిక్ ఫోక్. 1966లో ఎడింబరోలో పుట్టిన ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బ్యాండ్ బ్రిటన్ పల్లెపాటకు సితారు వంటి తూర్పు వాద్యాలు కలిపింది. ఈ రెండు దారులూ కలిసే పాటకు సొంత నేల జానపదం కావాలి. తెలుగులో దానికి కొదవ లేదు. దాన్ని చేతికెత్తుకునే బ్యాండుకే కొదవ.

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని జువ్వలదిన్నె తీరాన్నే తీసుకోవచ్చు. ఈ కోస్తాలో అలివి వలను ఒడ్డు నుంచి రెండు జట్లు లాగుతాయి. ఒకరు పాట ఎత్తుకుంటే జట్టంతా ‘ఐలేసా’ అని అందుకుంటుంది. బలం పడేది ఆ అందుకునే చోటే. ‘ఐలేసా’కు నిఘంటువులో అర్థం వెతకనక్కర్లేదు, అది ఊపిరిని, తాడును, పాదాన్ని ఒక్క లయలో పెడుతుంది. అర్థం లేని పలుకుతో మనసును పట్టే విద్య గ్రేంజ్‌మౌత్ కన్నా ఎంతో ముందే ఈ ఇసుక మీద ఉంది. తెప్పలు పోయి ఫైబర్ పడవలు, ఇంజన్లు వచ్చాక ఆ పాట అవసరం తగ్గింది. పని పోతే పనిపాట ఎన్నాళ్లో నిలవదు.

దేశంలో డ్రీమ్ పాప్ బాణీకి చోటు లేకపోలేదు. కోల్‌కతా జంట పరేఖ్ అండ్ సింగ్ 2016లో ‘ఓషన్’ ఆల్బమ్‌తో డ్రీమ్ పాప్‌ను బయటి దేశాలకూ వినిపించింది, పాడింది ఇంగ్లీషులో. తెలుగులో జానపదాన్ని బ్యాండుగా నిలబెట్టిన వాళ్లలో ముందు చెప్పవలసింది హైదరాబాద్ ‘చౌరస్తా’. వాళ్లు పల్లె పలుకును రెగేతో కలిపారు. 2020 కరోనా రోజుల్లో వాళ్ల పాట ఇంటింటా మోగింది. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల 2021లో ‘జాతిరత్నాలు’, 2022లో ‘డీజే టిల్లు’ సినిమా పాటలతో అందరికీ తెలిశాడు. ఇందులో గాయకుడి తప్పు లేదు. సినిమా గడప తొక్కితే తప్ప గొంతును గుర్తించని సమాజానిదే తప్పు.

ఈ జబ్బు తెలుగుకు పుట్టుకతో వచ్చింది కాదు. వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్లు జానపదాన్ని కచేరీ వేదికకు, రేడియోకు ఎక్కించారు. 1938లో మద్రాసు రేడియో కేంద్రం, 1948లో విజయవాడ కేంద్రం వచ్చాక లలిత సంగీతం పేరుతో సినిమాతో పనిలేని పాట బతికింది. బాలాంత్రపు రజనీకాంతరావు వంటి వాళ్లు దాన్ని పెంచారు. ఇవాళ పెళ్లిలో, తిరునాళ్లలో, బస్సులో, చివరికి బడి వార్షికోత్సవంలో కూడా సినిమా పాటే. ఒకే పరిశ్రమ తన చెవినంతా ఆక్రమించడాన్ని తెలుగు జాతి గర్వంగా చెప్పుకోవడం బాధాకరం.

అంతకన్నా పెద్ద అన్యాయం పేరు దగ్గర జరుగుతోంది. పల్లె పాటను తీసుకుని ‘సాహిత్యం: జానపదం’ అని వేస్తే సరిపోతుందనుకునే అలవాటు పాతుకుపోయింది. జానపదమంటే దిక్కులేని సొత్తు కాదు. పాడి వినిపించిన మనిషి ఉంటాడు, ఊరు ఉంటుంది. ఆ మనిషికి పేరూ, డబ్బూ రెండూ దక్కాలి.

జువ్వలదిన్నెలో దాదాపు 289 కోట్ల రూపాయలతో చేపల రేవు కట్టారు. అది అవసరమైన పనే. రేవుకు ఇంత దొరికిన రాష్ట్రంలో పాటను పదిలపరచడానికి దొరకదంటే నమ్మశక్యం కాదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేటకు సెలవు. పాట తెలిసిన పెద్దలు తీరికగా దొరికే కాలం అదే. ఆకాశవాణి, విశ్వవిద్యాలయాల జానపద శాఖలు ఆ రోజుల్లో తీరం వెంట పాటలు రికార్డు చేయాలి. పాడినవాళ్లకు పారితోషికం ఇచ్చి, వాళ్ల పేరుతో అందరికీ అందుబాటులో ఉంచాలి. గిటారు పట్టిన కుర్రకారు ముందుగా వినవలసింది ఆ రికార్డులనే. తెలుగు డ్రీమ్ పాప్ అంటూ ఒకటి పుట్టాలంటే దానికి పునాది అక్కడే ఉంది.