సీటు కొండది, మాట కిందది

మా లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరట. ఇప్పుడు ఆ చలి సరుకైపోయింది. డిసెంబరు వస్తే ఘాట్ రోడ్డు నిండా కార్లు, చెరువులవేనం మీద మబ్బులకు వీపు తిప్పి సెల్ఫీలు. వాళ్లు దిగిపోయాక మాకు మిగిలేవి బిర్యానీ పొట్లాలు, ఖాళీ సీసాలు. ఐదేళ్లకోసారి ఇలాంటిదే ఇంకో సీజన్ వస్తుంది. అప్పుడూ కార్లే. వెళ్లాక మిగిలేవి మాత్రం కరపత్రాలు.

పాడేరు నుంచి తొలిసారి అసెంబ్లీకి నిలబడాలని చూస్తున్న తమ్ముడూ, నీ కరపత్రం అచ్చుకు వెళ్లకముందే ఈ మాట చెబుతున్నాను. అందులో ఏముంటుందో చదవకుండానే చెప్పగలను. రోడ్డు, సెల్ టవరు, ఆసుపత్రి, టూరిజం, యువతకు ఉపాధి. గర్భిణిని డోలీలో మోసుకెళ్లే ఊళ్లున్న చోట రోడ్డు వద్దనే పాపం నేను చేయను. కానీ రోడ్డు వేయించడానికి కలెక్టరున్నాడు, ఐటీడీఏ పీవో ఉన్నాడు, ఇంజినీర్లున్నారు. వాళ్లు చేయలేనిది, నువ్వు మాత్రమే చేయగలిగేది ఒక్కటే: చట్టం. అదొక్కటే నీ కరపత్రంలో ఉండదు.

పైగా ఇక్కడ రోడ్డుకో చరిత్ర ఉంది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి దారి వేసే రోజుల్లో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు మన్యం జనంతో వెట్టి చేయించాడు, కూలి ఎగ్గొట్టాడు. అల్లూరి సీతారామరాజు వెంట గాం సోదరులు నడిచింది ఆ మంటతోనే. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్లారు. ఆ సోదరుల్లో ఒకడైన మల్లుదొర అండమాన్ జైలు చూసొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి స్వతంత్రుడిగా లోక్‌సభకు గెలిచాడు. మన్యం నుంచి తొలిసారి నిలబడటమంటే ఏమిటో చూడాలంటే ఆయన్ని చూడు. ఏ పార్టీ బీ-ఫారమూ ఆయన చేతిలో లేదు.

ఇప్పటి సంగతికొద్దాం. 175 మంది సభలో గిరిజనులకు కేటాయించిన సీట్లు 7. ఏడుగురూ ఒక్క మాట మీద నిలబడితే ఏ ప్రభుత్వమైనా ఆగి వినాలి. కానీ ఆ ఏడుగురూ తమ పార్టీల వరసల్లో విడివిడిగా కూర్చుంటారు. 2014లో పాడేరు, అరకు రెండూ ప్రతిపక్షానికి దక్కాయి. 2015 నవంబరులో అప్పటి ప్రభుత్వం జీవో 97తో చింతపల్లి అడవుల్లో 1,212 హెక్టార్లను బాక్సైట్ తవ్వకాలకు రాసిచ్చింది. కొండంతా భగ్గుమంది, జీవోను పక్కన పెట్టక తప్పలేదు. ఆ తర్వాత ఆ ఎమ్మెల్యేలిద్దరూ, ఒకరు 2016లో, ఒకరు 2017లో, ఆ జీవో తెచ్చిన పార్టీలోకే వెళ్లిపోయారు. ఓటేసిన ఊరిని ఎవరడిగారు? 2018 సెప్టెంబరులో మావోయిస్టులు అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను లివిటిపుట్టు దగ్గర కాల్చి చంపారు. అది హత్యే. ఆ తుపాకీ కూడా కొండను అడిగి పేలలేదు. కిందివాళ్లూ అడగరు, అడవిలోంచి వచ్చినవాళ్లూ అడగరు.

2019లో ఏడు సీట్లూ ఒకే పార్టీకిచ్చాం, అదీ అధికార పార్టీకి. ఏం ఒరిగింది? ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్లాడి భాష తెలిసిన టీచరు బడిలో ఉండాలా వద్దా అన్నది మాకు కోర్టు కేసు కాదు, ఇంటి గోడు. దాని బదులు ఇంకో చట్టం తెమ్మని ఏడుగురూ సభను స్తంభింపజేసి ఉండాల్సింది. ఆ సభ గడువు తీరిపోయింది, చట్టం మాత్రం రాలేదు.

కొత్తవాళ్లకు గెలుపు రాదన్న బెంగ నీకు వద్దు. 2024లో రంపచోడవరంలో ఒకప్పటి అంగన్‌వాడీ కార్యకర్త మిరియాల శిరీషాదేవి గెలిచారు. గెలవడం సాధ్యమే. గెలిచిన మర్నాటి నుంచి నువ్వు ఎవరి మనిషివన్నదే అసలు పరీక్ష.

అందుకే నీ ప్రాధాన్యాల జాబితా చించెయ్యి. మూడే మూడు రాసుకో.

మొదటిది, 1/70 చట్టం. 1970 నుంచి ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతికి భూమి పోకుండా కాపలా కాస్తున్నది అదే. దాని లెక్కలో అమ్మకం ఒక్కటే బదలాయింపు కాదు, లీజూ బదలాయింపే. మరి ఘాట్ ఎక్కితే కనిపించే టెంట్లలో, కాటేజీల్లో కాగితం మీద పేరు ఎవరిది, గల్లాపెట్టె ఎవరిది? తన భూమిలోనే వాచ్‌మన్‌గా నిలబడ్డ గిరిజనుడిని అడుగు, చెబుతాడు. 2025 జనవరిలో శాసనసభ స్పీకరే, అంటే మా ఘాట్ కింద ఉన్న నర్సీపట్నం ఎమ్మెల్యేనే, టూరిజం కోసం 1/70ని సవరించాలన్నట్టు మాట్లాడారు. ఫిబ్రవరి 11, 12 తేదీల మన్యం బంద్‌తో, చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సొచ్చింది. చూశావా, మాటను వెనక్కి తిప్పింది సంతలు మూసుకున్న జనం. నువ్వు సభలో ఉంటే, బినామీ కట్టడాల జాబితా బల్ల మీద పెట్టమని మొదటి రోజే అడుగు.

రెండోది, గ్రామసభ. గ్రామసభకు అధికారమిచ్చే పెసా చట్టం 1996లో వచ్చింది, మన రాష్ట్రం నియమాలు రాసుకోవడానికి 2011 దాకా పట్టింది. ఆ నియమాలనైనా ఊళ్లో ఎవరూ చదివి వినిపించరు. అనంతగిరి మండలంలో పుట్టిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా గిరిజన ప్రాంత భూమిని ప్రైవేటు గనులకు ఇవ్వకూడదంది. పక్కనున్న ఒడిశాలో 2013లో నియమగిరి మీది 12 ఊళ్ల సభలూ వరసగా గని వద్దన్నాయి, గని ఆగింది. మనకు మాత్రం ఎర్రవరం పంప్డ్ స్టోరేజీ విద్యుత్ ప్రాజెక్టు వద్దనడానికి జనం రోడ్డెక్కి అరవాల్సొచ్చింది. గ్రామసభ తీర్మానం లేని ఏ ప్రాజెక్టుకూ చెయ్యెత్తనని ముందే రాసివ్వు.

మూడోది, గిరిజన సలహా మండలి. రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రకారం అందులో నాలుగింట మూడు వంతుల కుర్చీలు గిరిజన ఎమ్మెల్యేల కోసమే. ఏజెన్సీ భూమి మీద గవర్నరు నిబంధన చేయాలంటే ఆ మండలిని సంప్రదించి తీరాలి. మైదానపు ఎమ్మెల్యేకు లేని ఆయుధం అది. జీవో 3 పోయిన చోట కోర్టులో నిలబడే చట్టం ఎలా రాయాలో తేల్చాల్సిందీ అక్కడే. ఆ కుర్చీలో కూర్చుని టీ తాగి, సంతకం పెట్టి లేచొస్తే మాత్రం నిన్ను ఎన్నుకున్న మేమే తప్పు చేసినట్టు.

"ఇవన్నీ పార్టీ ఒప్పుకోదన్నా" అంటావు. తెలుసు. లెక్క చెబుతాను విను. అసెంబ్లీ ఎన్నికలో గిరిజన అభ్యర్థి డిపాజిట్ 5,000 రూపాయలు. ఖర్చుకు ఎన్నికల సంఘం పెట్టిన హద్దు 40 లక్షలు. డిపాజిట్ డబ్బులు కాఫీ పళ్లు ఏరిన చేతులు, మిరియాలు అమ్ముకున్న చేతులు సంతలో తలా పది వేసినా సమకూరతాయి. మిగతా లక్షలు ఎవరు పెడతారో, గెలిచాక నీ నోరు వాళ్లదే అవుతుంది. ఆ డబ్బు తీసుకునేటప్పుడే ఆ సంగతి గుర్తుంచుకో.

బీ-ఫారం కోసం విజయవాడ బస్సెక్కే ముందు ఒక్కసారి మా ఊరి గ్రామసభకు రా. ఆ మూడూ కాగితం మీద రాసి, అందరి ముందు చదివి, సంతకం పెట్టి ఇవ్వు. ఏ పార్టీ గుర్తు మీద నిలబడినా ఆ కాగితం మా దగ్గరే ఉంటుంది. ఐదేళ్ల తర్వాత అదే సభలో మళ్లీ చదువుతాం. సంతకం పెట్టనంటావా, చలికాలపు టూరిస్టులాగే మబ్బులు చూసుకుని దిగిపో. ఓటు మాత్రం అడక్కు.