అంగడివాని తూకము

పప్పుదినుసులకు పట్టు పురుగును గూర్చి ఈ మాసమున వ్రాసెదనని క్రిందటి సంచికలో మాట యిచ్చియుంటిని. సోదరీమణులు మన్నింతురు గాక. మా యింట జరిగిన యొక సంగతి నా కలమును వేరు త్రోవకు త్రిప్పినది.

మా పెద్దత్తగారిది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపుటొడ్డున నున్న పల్లె. వారికి డెబ్బది యేండ్లు దాటినవి. నలువది యేండ్లకు పైగా అడ్డపొగ యలవాటు. అనగా చుట్టను వెలిగించి, నిప్పుగల కొసను నోటిలోపల నుంచుకొని పీల్చుట. ఇతర ప్రాంతములవారికి ఇది వింతగా దోచును గాని, ఉత్తరాంధ్ర తీరమున ఈ యలవాటు పురుషులకంటె స్త్రీలలోనే యెక్కువ. గాలికి నిప్పు ఆరదు. ఒక్క చుట్ట చాలసేపు వచ్చును. చేతులు రెండును పనిలో నున్నను చుట్ట నోట నిలుచును. చేపల గంప మోయువారికిని, నాట్లు వేయువారికిని ఇంతకంటె కావలసినదేమి?

మొన్నటి వేసవిలో వారు మా యింటికి వచ్చి కొన్నాళ్లుండిరి. పిల్లలు తిరుగు ఇల్లు. మానుడని చెప్పుటకు నాకు నోరు రాలేదు. నా ముఖము చూచి వారే, "మానడం నా వల్ల కాదమ్మా. దీనికంటె తక్కువ చెరుపు చేసేదేదైనా ఉంటే చెప్పు, దానికి మారతాను" అనిరి.

ఆ 'తక్కువ' యేదో తెలిసికొనుటకు నేను వైద్యునొద్దకు పోలేదు. వీధి మొగనున్న కిళ్ళీకొట్టునకు పోతిని. నవ్వదలచిన సోదరీమణులు, తమ యింట తలనొప్పి వచ్చినప్పుడు మాత్రలను గూర్చి మొదట నెవరి నడుగుదురో తలచుకొని పిమ్మట నవ్వవచ్చును.

ఆ శెట్టిగారు మర్యాదస్థుడు, తూకమున మోసమెరుగనివాడు. నేనడిగిన ప్రశ్న విని సంతోషించి, సరకులను ఒక్కొక్కటిగా బల్లమీద వరుసగా పేర్చి, ఓనమాలు దిద్దించు నుపాధ్యాయునివలె చెప్పసాగెను. "చుట్టంటే విషం అమ్మగారూ, ఒక్క దమ్ముకే గొంతు పట్టేస్తుంది. బీడీ ఆకుది, లోపల పొగాకు చిటికెడే. సిగరెట్టుకు చివర దూది ఉంది, వడగట్టేస్తుంది; అందులో ఈ సన్నవి మరీ మెత్తన. ముక్కుపొడి తలనొప్పికి మందు. జరదా కిళ్ళీలో పొగే లేదు, ఊపిరితిత్తులకు భయం లేదు. ఇదిగో ఈ వక్కపొడిలో పొగాకే లేదు, పసిపిల్లలకైనా పెట్టవచ్చు." ఇంత చెప్పి, పొగత్రాగుట పురాణములలో నున్నదనియు, ఆయుర్వేదమువారు కూడ పొగ పీల్చుమనిరనియు ముక్తాయించెను.

ఇక్కడ నొక్క మాట. చరకసంహితలో ధూమపానము చెప్పబడిన మాట నిజమే; అది ఓషధులను నూరి వత్తిగా చేసి, వేళకు మితముగా పీల్చవలసిన చికిత్స. మితిమీరిన వచ్చు బాధలును అక్కడనే చెప్పబడినవి. పొగాకన్ననో, పోర్చుగీసువారి వెనుక ఈ దేశమునకు వచ్చిన మొక్క. అక్బరు పాదుషా కొలువునకే అది క్రొత్త వస్తువు. ఏ ఋషియు దానిని చూచియుండడు. శెట్టిగారు పురాణమనుకొన్నది గిరీశముగారి పరిహాసమని నాకు అప్పుడే తెలియును. అయినను మారుపలుకలేదు. ఏలయన, ఆయన చెప్పిన తక్కిన మాటలు నాకు మిక్కిలి యనుకూలముగా నుండెను. పొగ పోవును, దుప్పట్ల కంటిన వాసన పోవును, అత్తగారికి కష్టము కలుగదు. జరదాయు వక్కపొడియు కొని తెచ్చితిని. వారు నా మాట మన్నించి చుట్టను చాలవరకు తగ్గించి వీనికి మారిరి. ఇల్లు సువాసనగా నున్నదని రెండు నెలలు నాలో నేను మురిసితిని.

పిమ్మట వారు గోంగూర పచ్చడి నోట పెట్టలేకపోయిరి. కారము తగిలినంతనే కన్నీరు కారుచుండెను. పట్టణమునందలి సర్కారు దంతవైద్యశాలకు తీసికొనిపోతిని. వైద్యురాలు చిన్న దీపము వేసి చూచి, నన్ను కూడ పిలిచి చూపెను. అంగిలి యంతయు తెల్లగా మందమై, నడుమ నెర్రని చుక్కలతో నుండెను. బుగ్గ లోపల మరియొక మచ్చ క్రొత్తగా తేలుచుండెను. చిన్న తునుక తీసి పరీక్షకు పంపిరి. ఆ ఫలితము వచ్చువరకు గడచిన తొమ్మిది దినములను గూర్చి నేను వ్రాయను. క్యాన్సరు కాలేదు, కాదగిన మార్పు మొదలైనది. మూడు నెలల కొకమారు చూపించుకొనవలెను, పొగాకును వక్కయు పూర్తిగా విడువవలెను.

అంగిలి పుండునకును అడ్డపొగకును గల సంబంధము నేటిది కాదట. బొంబాయి టాటా వైద్యశాలకు చెందిన ఖానోల్కరు పండితుడు 1945లోనే దీనిని వైద్యలోకమునకు తెలిపెను. 1971లో ప్రకటితమైన పరిశీలనలో శ్రీకాకుళం జిల్లా గ్రామస్థుల నోళ్లు 10,169 పరీక్షింపబడినవి. మా అత్తగారి పల్లెకు ఈ వార్త నాకంటె ముందుగా చేరవలసినది; చేరలేదు. శెట్టిగారి మాట మాత్రము నాలుగంగలలో చేరినది.

ఇంటికి వచ్చి ఆయన తూకమును గూర్చి చాలసేపు ఆలోచించితిని. ఆయన తూకపురాయి ఘాటు. గొంతు పట్టునది చెడ్డది, మెత్తగా దిగునది మంచిది. మిరపకాయను కూడ ఆయన అట్లే యెంచును. వర్తకునకు సహజమైన కొలతయే. వైద్యురాలిని గ్రుచ్చి గ్రుచ్చి యడిగి నేను తెలిసికొన్నది దీనికి తలక్రిందుగా నున్నది. చుట్ట పొగాకు గాలికి ఆరినది. దాని పొగ క్షారగుణము గలది, గొంతు పట్టును. కనుక మనుష్యుడు దానిని లోనికి లాగక నోటనే యుంచును, నికొటిను నోటి పొరనుండియే రక్తమున కలియును. సిగరెట్టు పొగాకు ప్రకాశం జిల్లా పొలములయందు మనము చూచు బ్యారన్లలో వేడికి పండినది. దాని పొగ ఆమ్లగుణము గలది, మెత్తనిది. ఆ మెత్తదనము చేతనే అడ్డులేక ఊపిరితిత్తుల అడుగువరకు దిగును. శెట్టిగారు గుణమని మెచ్చుకొన్నదే దాని దోషము.

దూది సంగతి ఇంకను విచిత్రము. చాల సిగరెట్లలో ఆ దూదిచుట్టునున్న కాగితమునకు కంటికి కానరాని సన్నని రంధ్రములుండును. పరీక్షాయంత్రము పీల్చునప్పుడు వానిగుండ గాలి చొచ్చి, పొగ పలుచనై, కొలత తగ్గును. మనుష్యుడో, వ్రేళ్లతోను పెదవులతోను ఆ రంధ్రములను మూసి, మరింత గట్టిగా లాగి, శరీరము కోరినంత నికొటినును తీసికొనును. బీడీలో పొగాకు సిగరెట్టులోని దానిలో సుమారు నాలుగవ వంతే. కాని తునికాకు గాలిని చొరనీయదు గనుక ఆరకుండుటకై మాటిమాటికి లాగవలసియుండును. ఆకు చెట్టుదైనంత మాత్రమున పొగ పుణ్యము కాదు.

జరదాలోని సున్నము నికొటినును వేగముగా రక్తమున కెక్కించును. ఈ నమలెడి పొగాకును మన దేశమున నూటికి సుమారు 13 మంది స్త్రీలు వాడుచున్నారని 2016–17 నాటి సర్కారు లెక్క. పొగత్రాగు స్త్రీలకంటె వీరు ఎన్నోరెట్లు ఎక్కువ. పొగ లేదు గనుక ఎవరును తప్పుపట్టరు. తప్పుపట్టరు గనుక ఎవరును నోరు తెరచి చూడరు.

తారతమ్యమే లేదనుట కూడ సత్యము కాదు. కాల్చి పీల్చునదే గుండెను, ఊపిరితిత్తులను చెరచి ఎక్కువమందిని చంపుచున్నది. స్వీడను దేశపు పురుషులు స్నూసు అను తడిపొగాకును పెదవిక్రింద నుంచుకొని సిగరెట్టును తగ్గించినందున వారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తక్కువ. కాని వారు వేడిచేసి, శుద్ధిచేసి, చలువపెట్టెలో నుంచు ఆ వస్తువునకును, సున్నముతో వక్కతో కలిపి మనవారు నమలు జరదాకును పొగ లేదన్న పోలిక యొక్కటే.

మరునాడు మరల కొట్టునకు పోతిని, కోపముతోనే పోతిని. ఆయన విని తెల్లబోయెను. "బొమ్మ ఉన్నదే చెడ్డదనుకొన్నాను అమ్మగారూ" అనెను. పెట్టెమీద నూటికి 85 వంతులు భయంకరమైన చిత్రముతో గూడిన హెచ్చరిక యుండవలెనని 2016 నుండి నిబంధన. ఆ చిత్రము పెట్టెకు. మా వీధిలో కొనువారందరును విడిగా ఒకటి రెండు కొనువారే. నారతో కట్టిన నాటుచుట్టల కట్టకు చిత్రము లేదు, వక్కపొడి పొట్లమునకు లేదు. సర్కారువారు బొమ్మ వేయనిదానిలో అపాయము లేదని ఆయన యూహ. చదివిన నేనే అట్లూహించితిని గదా, ఆయన నేమందును? పొట్లమును త్రిప్పి చూపితిని. వక్క నమలుట ఆరోగ్యమునకు హానికరమని చీమకాళ్లవంటి యక్షరములు ఒక మూల నున్నవి. పొగాకు కలియకున్నను వక్క స్వతహాగా క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పండితులు 2004లోనే ప్రకటించిరి. నోరు క్రమముగా బిగిసి, అన్నపు ముద్ద పట్టనంతగా మూసికొనిపోవు వ్యాధికి ఇదియే మూలము.

ఆ మాటకు ఆయన చేయి వక్కపొడి దండలపై నిలిచిపోయెను. మావారి పాఠశాలకు నూరు గజములలోపల పొగాకు అమ్మరాదనియు, పదునెనిమిదేండ్లు నిండనివారికి ఇయ్యరాదనియు 2003 నాటి చట్టము. శెట్టిగారు దానిని తప్పలేదు. కొట్టు ఆ గీతకు ఆవలనే యున్నది. వక్కపొడికి మాత్రము ఆ గీత లేదు. సాయంకాలము గంట కొట్టగనే రూపాయి పట్టుకొని పరుగెత్తివచ్చు పిల్లలు కొనునది అదియే. "మా మనుమడూ తింటున్నాడు" అని మెల్లగా ననెను.

పిమ్మట తన సంగతి యడిగెను. దినమునకు పది సిగరెట్లు కాల్చువాడు రెండింటికి తగ్గించెనట, ఇక భయములేదు గదా అని. 2018లో ప్రకటితమైన పరిశీలనలో, దినమునకు ఒక్క సిగరెట్టు కాల్చువారికి గుండెజబ్బు విషయమున కలుగు అధికాపాయము, ఇరువది కాల్చువారి అపాయములో ఇంచుమించు సగమని తేలినది. తగ్గించుట మెట్టే గాని అరుగు కాదని చెప్పితిని. మానదలచినవారికి సహాయము చేయుటకు సర్కారువారు ఉచితముగా నడుపు టెలిఫోను 1800112356 అంకెను కాగితముపై వ్రాసి యిచ్చితిని. ఆయన దానిని గల్లాపెట్టె మూతలోపల అంటించెను. ఫోను చేసినాడో లేదో నేనడుగలేదు.

వక్కపొడి దండలు ఇప్పుడు ముందువైపున వ్రేలాడుటలేదు. పూర్తిగా తీసివేయలేదు; అడిగినవారికి లోపలినుండి యిచ్చుచున్నాడు. వ్యాపారము గదా యనును.

పెద్దత్తగారు మా యింటనే యున్నారు. చుట్ట మానిన మొదటి వారము నాతో మాటలాడలేదు, రాత్రులు నిద్రలేదు, రెండుమారులు పెరటిలో దొంగతనముగా వెలిగించుకొనిరి కూడ. నోటికేదో కావలెనని పోరుచుండగా ఉసిరివరుగును ఉప్పునీట తడిపి యిచ్చితిని. పులుపు మంట పెట్టుచున్నదని మొదట ఉమిసివేసిరి. ఇప్పుడు మంట తగ్గినది. ఉప్పు చాలలేదని సాధించుచున్నారు. వైద్యశాలకు మరల పోవలసినది వచ్చు మాసము పదునాలుగవ తేదీన.