ఇంటి పనిశాల : చప్పుడు తక్కువ కంప్రెసరు

సైకిలు చక్రాలకు గాలి కొట్టుకోవాలన్నా, పాత కుర్చీలకు రంగు చల్లాలన్నా, పిల్లల బొమ్మ విమానాలకు మెరుగు దిద్దాలన్నా ఇంట్లో చిన్న ఎయిర్ కంప్రెసరు ఉంటే హాయి. చిక్కల్లా దాని చప్పుడుతోనే.

బ్రిక్‌ఫీల్డ్స్‌కు చప్పుడు కొత్త కాదు. ఇటుక బట్టీల వల్ల పేరు తెచ్చుకున్న ఈ పేట చాలాకాలం రైళ్ళ రొద మధ్యనే గడిపింది. 2001లో తెరిచిన కె.ఎల్. సెంట్రల్ స్టేషను కూడా పూర్వపు రైల్వే యార్డు స్థలంలో లేచినదే. అయితే వీధి రొద వేరు, గోడలోంచి వచ్చే రొద వేరు. వరుస ఇళ్ళలోను, ఫ్లాట్లలోను రెండు కుటుంబాలకు గోడ ఒక్కటే. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారు పగలు నిద్రపోయేది ఆ గోడ అవతలే.

కొనేవారు ముందు మోటారు వేగం చూడాలి. ఇక్కడి కరెంటు 50 సైకిళ్ళది గనుక చవక రకాలు చాలావరకు నిమిషానికి సుమారు 2,850 చుట్లు తిరుగుతాయి. నెమ్మది రకాలు సుమారు 1,450. పళ్ళ డాక్టర్లు వాడే నూనె లేని యంత్రాలలో ఈ నెమ్మది రకం దొరుకుతుంది. చీటీ మీద డెసిబెల్ అంకెతోపాటు ఎంత దూరం నుంచి కొలిచారో కూడా చూడండి. 10 డెసిబెల్‌లు పెరిగితే చెవికి చప్పుడు రెట్టింపైనట్టు తోస్తుంది.

ఇప్పటికే కొన్నవారు యంత్రం కింద మెత్తని రబ్బరు దిమ్మలు వేసి, ఉమ్మడి గోడకు దూరంగా జరపండి. గాలి పీల్చే మూతి దగ్గర సైలెన్సరు బిగిస్తే రొద బాగా తగ్గుతుంది. పెట్టెలో మూసేవారు గాలి వచ్చిపోయే దారి తప్పక ఉంచాలి. లేకుంటే మోటారు కాలిపోతుంది.

పాత ఫ్రిజ్ కంప్రెసరుతో సొంతంగా చేసుకునేవారూ ఉన్నారు. చప్పుడు బహు తక్కువే. కాని వచ్చే గాలి కొద్ది. సన్నని రంగు పనికి చాలుతుంది. గాలితో నూనె కూడా వస్తుంది గనుక వడపోత ఉండాలి. లోపలి గ్యాసును మెకానిక్ చేతనే తీయించండి.

ట్యాంకు దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. 8 బార్ ఒత్తిడి అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 8 కిలోల బరువు. ప్లాస్టిక్ పైపులను, పాత గ్యాసు సిలిండర్లను ట్యాంకుగా వాడితే పేలి ప్రాణాలు తీయగలవు. ఒత్తిడికి పరీక్షించిన ట్యాంకు, సేఫ్టీ వాల్వు, తనంతట ఆగే స్విచ్చి, ఈ మూడూ ఉండి తీరాలి. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. నీరు లోపలే నిలిచి ఇనుమును తినేస్తుంది. పని అయ్యాక అడుగు మర తిప్పి నీరు వదలండి.

ట్యాంకు పెద్దదైతే మరో లాభం. 50 లీటర్ల ట్యాంకును సాయంత్రమే 8 బార్‌కు నింపి ఉంచితే, 2 బార్‌కు దిగేలోగా సుమారు 300 లీటర్ల గాలి ఇస్తుంది. నిమిషానికి 15 లీటర్లు తాగే చిన్న రంగు పనికి అది 20 నిమిషాల సరుకు. అంతసేపూ మోటారు తిరగనక్కరలేదు.

యంత్రం తెచ్చిన రోజున పక్కింటివారిని పిలిచి ఒకసారి నడిపి వినిపించండి. వారు పడుకునే వేళలు అడిగి తెలుసుకొని, ఆ వేళల్లో స్విచ్చి జోలికి పోకండి. ఏ రబ్బరు దిమ్మా చేయలేని మేలు ఇది చేస్తుందని మా నమ్మకం.