పుట్టిల్లు ఏదైతేనేం!

అక్టోబరు, నవంబరు నెలలొస్తే చాలు... పొద్దుగూకగానే గుప్పుమనే ఘాటైన వాసన విశాఖవాసులకు బాగా తెలుసు. సీతమ్మధార లాంటి నివాస ప్రాంతాల్లో అది పడనివాళ్లు కిటికీలు మూసుకోవాల్సిందే. ఏడాకుల చెట్టు పూతకొచ్చిందన్నమాట!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరంలోని పచ్చదనాన్ని ఊడ్చిపెట్టేసింది. ఆ తర్వాత రోడ్ల వెంట విరివిగా నాటిన మొక్కల్లో ఇదొకటి. త్వరగా ఎదుగుతుంది, పాలు కారే ఆకుల్ని పశువులు ముట్టవు, నీడకూ కొదవుండదు. తీరా పెరిగి పూయడం మొదలుపెట్టాక ఆయాసం, తలనొప్పి అంటూ ఫిర్యాదులు. కొట్టేయమని కొందరు, పచ్చని చెట్టు మీద గొడ్డలి పెట్టొద్దని మరికొందరు.

ఇంత ఇబ్బంది పెడుతోందంటే ఏ విదేశీ మొక్కో అనుకుంటాం. కానీ ఇది అచ్చంగా మన దేశపు చెట్టే. పశ్చిమ బెంగాల్ రాష్ట్ర వృక్షం కూడా. విశ్వభారతి స్నాతకోత్సవంలో విద్యార్థులకు సంప్రదాయంగా ఇస్తూ వచ్చింది దీని ఆకుల్నే!

మరి మనవే అనుకునేవాటి సంగతేంటి? వేసవిలో ఎర్రగా విరగబూసే తురాయి పుట్టిల్లు మడగాస్కర్. పలాస జీడిపప్పుకి మూలం బ్రెజిల్. ఆవకాయలో కారం పోర్చుగీసువారి ఓడల పుణ్యమే. అవి లేని మన ఊరినీ వంటింటినీ ఇప్పుడు ఊహించుకోలేం.

అలాగని వచ్చినవన్నీ బుద్ధిగా ఉండవు. పూల అందం చూసి రెండు శతాబ్దాల క్రితం తెచ్చిన లాంటానా తూర్పు కనుమల్లో పొదలుగా అల్లుకుపోయి, అడవి మొక్కలకు వెలుతురు అందకుండా చేస్తోంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క చెరువుల్ని కప్పేసి చేపలకు ఊపిరాడనివ్వదు. సొంతగడ్డ మీద వాటిని అదుపులో పెట్టే పురుగులూ తెగుళ్లూ ఇక్కడ లేకపోవడమే వాటి బలం.

ఇలాంటి ప్రమాదం గురించి ఇంగ్లండ్ శాస్త్రవేత్త చార్లెస్ ఎల్టన్ 1958లోనే పుస్తకం రాసి హెచ్చరించాడు. 2011లో మార్క్ డేవిస్, మరో 18 మంది మాత్రం 'పుట్టుకను బట్టి కాదు, చేసే పనిని బట్టి తీర్పు చెప్పాలి' అంటూ 'నేచర్' పత్రికలో వాదించారు. దానికి 141 మంది శాస్త్రవేత్తలు గట్టిగానే బదులిచ్చారు. ఈరోజు అమాయకంగా కనిపించిన మొక్క కొన్ని దశాబ్దాల తర్వాత విజృంభించవచ్చు, అందుకే కొత్తవాటిపై ఓ కన్నేసి ఉంచాలన్నది వాళ్ల మాట. 2023లో వెలువడిన ఓ అంతర్జాతీయ నివేదిక ప్రకారం మనుషులు కొత్త చోట్లకు చేర్చగా స్థిరపడిన జీవజాతులు 37 వేలకు పైనే. వాటిలో హాని చేస్తున్నట్లు తేలినవి 3,500కి పైగా. అంటే పదింట ఒకటి. తక్కువే... కానీ అవి ఒకసారి పాకాక పెరికివేయడం మహా కష్టం.

విశాఖ చెట్టు చెప్పేది దీనికి మరో కొస. చెట్టు మనదైనా, అడవిలో నాలుగు రకాల మధ్య ఒకటిగా ఉండడం వేరు, ఇళ్ల ముందు వరసకట్టి వందలుగా పూయడం వేరు. అందుకే మొక్క నాటేముందు 'ఎక్కడిది?' అన్న ఒక్క ప్రశ్నే చాలదు. నాటకుండానే పాకిపోతుందా? పిట్టలకూ తేనెటీగలకూ పనికొస్తుందా? ఒకే రకాన్ని వీధంతా నింపేస్తున్నామా? ఇవీ అడగాలి. వేప, కానుగ, పొగడ, నేరేడు కలిపి నాటుకుంటే, ఒక రకం పడకపోయినా వీధి మొత్తం గొడ్డలికి బలి కావాల్సిన అవసరం రాదు!